నేర్పుతది గని నడపదు

అరవై అయిదేళ్లు నిండిన రోజున చట్టం నన్ను విమానంలోంచి దింపేసింది. మర్నాటి నుంచి కోదాడలో ఉంటున్నాను. ఇది మా ఆయన ఊరు. ఆయన ఇక్కడి కాలేజీలో లెక్కలు చెప్పి నాకంటే ముందే రిటైరయ్యారు. నేను వచ్చానని తెలిశాక మా ఇంటికి రెండు రకాల మనుషులు రావడం మొదలైంది. మొదటి రకం తమ పిల్లల్ని పైలట్లు చేయాలనుకునే సూర్యాపేట, కోదాడ తల్లిదండ్రులు. వీళ్లకు టీ ఇస్తాను. రెండో రకం ఆ కోర్సు పూర్తి చేసి, లైసెన్సు చేతిలో పెట్టుకుని, ఉద్యోగం రాక తిరుగుతున్న పిల్లలు. వీళ్లకు భోజనం పెడతాను.

ఇది ఆ రెండో రకం వాళ్ల కోసం రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ ప్రమోషన్ వచ్చింది, ఏ విమానం మీద ఎన్ని గంటలు తిరిగాను అన్నవి ఇందులో ఉండవు. అవి నాకే గుర్తులేవు. గుర్తున్నవల్లా తప్పులు. వాటిలో రెండు ముఖ్యమైనవి. రెండు తప్పులప్పుడూ నా పక్క సీట్లో ఉన్నది ఒక్క మనిషే.

ఉద్యోగం లేని లైసెన్సు

మా నాన్న మిర్యాలగూడ రైసు మిల్లుల్లో ఫిట్టరు. యంత్రం చప్పుడు విని జబ్బు చెప్పగల మనిషి. అమ్మ స్కూల్ టీచరు. స్కాలర్‌షిప్ మీద నేను హైదరాబాద్ దగ్గర ఒక ఫ్లయింగ్ క్లబ్బులో విమానం నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాను. అప్పుడు తెలిసింది, దేశంలో పెద్ద విమానాలు నడిపే కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చని. అవన్నీ సర్కారువే. ఎవరో ఒకరు రిటైరైతే తప్ప ఖాళీ రాదు. అప్పటి కెప్టెన్ల ఆరోగ్యం చాలా బాగుండేది.

అందుకని నేర్చుకున్న క్లబ్బులోనే ఇన్‌స్ట్రక్టర్‌గా చేరాను. మాలో ఎవరూ చదువు చెప్పాలన్న ఆశతో ఇన్‌స్ట్రక్టర్ అయినవాళ్లు కాదు. ఉద్యోగానికి కావాల్సిన విమాన గంటల కోసం అయ్యాం. స్టూడెంట్ నడుపుతుంటే పక్కన కూర్చున్న ఇన్‌స్ట్రక్టర్‌కి కూడా ఆ గంటలు లాగ్‌బుక్కులో పడతాయి. నిజం చెప్పాలంటే అవి నేను నడిపిన గంటలు కావు, స్టూడెంట్ నడుపుతుంటే నేను భయపడిన గంటలు. చట్టానికి ఆ తేడా తెలియదు.

సెలవుకు మిర్యాలగూడ వెళ్తే మా పక్కింటి సత్తెమ్మ పెద్దమ్మ మా నాన్నను అడిగేది.

"నీ బిడ్డ ఏం నౌకరి జేస్తది తమ్మీ?"

"ఇమానం నడుపుడు నేర్పుతదక్కా."

"నేర్పుడేంది? నడపరాదా?"

నాన్న నా వైపు చూసేవాడు. నేను చెంబు తీసుకుని లోపలికి పోయేదాన్ని. "నేర్పుతది గని నడపదు" అని ఆమె వాడకట్టంతా చెప్పింది. తొమ్మిదేళ్లు నా హోదా అదే.

ఇప్పటి పిల్లలు ఇన్‌స్ట్రక్టర్‌గా చేరాలా వద్దా అని అడుగుతారు. చేరండి. కానీ మీరు వెయిటింగ్ హాల్లో కూర్చున్నారనీ, మీ ఎదుటివాడు క్లాసులో కూర్చున్నాడనీ మర్చిపోకండి. నేను మర్చిపోయాను.

చిలుకూరు పొలం

కిషోర్ సూర్యాపేట కుర్రాడు. వాళ్లది మార్కెట్ దగ్గర ధాన్యం కొట్టు. విమానం చక్కగా దించేవాడు, చేయి తేలిక. మాటలో మహా వినయం. ఏది చెప్పినా "అవ్ మేడం" అనేవాడు. ఇంత వినయం ఉన్న స్టూడెంట్‌ని చూస్తే ఇన్‌స్ట్రక్టర్ భయపడాలని అప్పుడు నాకు తెలియదు.

మా క్లబ్బులో స్టూడెంట్ ఒంటరిగా దూరం వెళ్లి రావడానికి ఒక దారి ఉండేది. హైదరాబాద్ నుంచి సూర్యాపేట, అక్కడి నుంచి కోదాడ, అక్కడ తిరిగి మిర్యాలగూడ, మళ్లీ హైదరాబాద్. కోదాడ దాకా కింద విజయవాడ రోడ్డు ఉంటుంది, దాన్ని పట్టుకుని పోవచ్చు. అసలు పరీక్ష కోదాడ దాటాక. అక్కడ రోడ్డు సాయం ఉండదు. మ్యాపు, గడియారం, దిక్సూచి, అంతే. ముందు ఇన్‌స్ట్రక్టర్ ఒకసారి తోడు వెళ్లి, కుర్రాడికి దారి తెలుసని నమ్మకం కుదిరాకే ఒంటరిగా, అంటే సోలో, పంపాలి.

తోడు వెళ్లాను. కోదాడ దాటాక నాకు హుషారొచ్చింది. అది మా వైపు కదా. "అదిగో సాగర్ ఎడమ కాలువ" అన్నాను. "అవ్ మేడం" అన్నాడు. "అదిగో మిల్లుల పొగగొట్టాలు, అదే మిర్యాలగూడ, ఆ మూడోదాంట్లో మా నాన్న పనిచేస్తాడు" అన్నాను. "అవ్ మేడం" అన్నాడు. దిగాక బాగా చేశావని వీపు తట్టాను. దారంతా చదివింది నేను. వాడు విన్నాడు.

అదే వారంలో నాకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. నాలుగేళ్ల తర్వాత వచ్చిన మొదటి పిలుపు. ఢిల్లీ వెళ్లాలి. మా చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ చలపతి గారి దగ్గరికి సెలవు కోసం వెళ్లాను. ఆయన కోస్తా వైపు మనిషి. రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు తాగుతూ, పెట్రోలు పీపాల దగ్గర నిలబడి, భద్రత గురించి ఉపన్యాసాలిచ్చేవాడు.

"ఆ సూర్యాపేట కుర్రాడిని సోలో పంపించేసి, ఫైలు నా బల్ల మీద పెట్టి, అప్పుడు వెళ్లమ్మా" అన్నాడు.

ఆ రోజు పొద్దున్న మంచు పూర్తిగా విడలేదు. ఇంకో గంట ఆగితే బాగుండేది. సాయంత్రం నా రైలు. సంతకం పెట్టి పంపించేశాను.

రెండుంపావు గంటల్లో రావాల్సినవాడు రాలేదు. మరో ఇరవై నిమిషాలు చూశాను. రేడియోలో ఎంత పిలిచినా జవాబు లేదు. అరగంట దాటాక మెకానిక్ నా పక్కకొచ్చి, "పెట్రోలు ఇంకో గంటకు వస్తది మేడం, పరేషాన్ కాకుండ్రి" అన్నాడు. నేను పరేషాన్‌లో ఉన్నానని అప్పుడే తెలిసింది. రన్‌వే చివరిదాకా నడిచి వెళ్లి, ఆకాశం చూస్తూ నిలబడ్డాను. వాడి తండ్రి మొహం గుర్తొచ్చింది. చేర్పించడానికి వచ్చినప్పుడు ఆయన నాకు రెండు చేతులతో దండం పెట్టి, "పిలగాడు మీ చేతుల ఉన్నడమ్మా" అన్నాడు.

మా ఆఫీసు ఫోను మోగేసరికి మధ్యాహ్నం అయింది. కోదాడ పోలీస్ స్టేషన్ నుంచి ఎస్ఐ.

"మీ ఇమానం ఒకటి చిలుకూరు దగ్గర పొలంల దిగింది. పిలగాడు మంచిగనే ఉన్నడు. దీన్ని ఏం జెయ్యమంటరు? స్టేషన్‌కు పట్టదు."

జీపులో వెళ్లాం, నేను, చలపతి గారు, మెకానిక్. దారి పొడుగునా ఆయన ఒక్క సిగరెట్ ముట్టించలేదు. అది నన్ను ఇంకా భయపెట్టింది.

కోసిన వరి మడిలో మా చిన్న విమానం ముక్కు కిందకు పెట్టి నిలబడి ఉంది. ముందు చక్రం గట్టుకు తగిలి విరిగింది. రెండు ఊళ్ల జనం చుట్టూ చేరారు. కిషోర్ గట్టు మీద కూర్చుని చెంబుతో మజ్జిగ తాగుతున్నాడు. నుదుటి మీద బొప్పి తప్ప దెబ్బల్లేవు. పొలం తాలూకు మనిషి ముత్తమ్మ, అరవై ఏళ్ల రైతు, వాడి పక్కనే కూర్చుని ఉంది. చుట్టాల పిల్లాడొచ్చినట్టు.

వాడు బతికున్నాడన్న సంతోషం నాలో ఎంతసేపు నిలిచిందో చెబితే నాకే సిగ్గు. పది అడుగులు. పదకొండో అడుగులో నా రైలు గుర్తొచ్చింది.

"కళ్లు నెత్తికెక్కినయా? నీ వల్ల నా ఇంటర్వ్యూ పోయింది, తెలుసా!" అని అంతమంది ముందు అరిచాను.

వాడు లేచి నిలబడ్డాడు. ముత్తమ్మ లేవలేదు.

"పిలగాడు సావకుండ దిగిండు," అంది నా వైపు చూసి. "నీకు ఇంటర్వ్యూ గావాల్నా? ఎవలమ్మా నువ్వు?"

"నేను... వాడికి నేర్పే మేడాన్ని."

"ఓహో" అంది. ఆ ఒక్క మాటలో ఆమె పెట్టినంత తిట్టు నేను తర్వాత ఏ పెద్ద కెప్టెన్ దగ్గరా తినలేదు.

గొంతు తగ్గించి కిషోర్‌ని అడిగాను, ఎక్కడ దారి తప్పావని.

"కోదాడ దాకా మంచిగనే వచ్చిన మేడం. అటెన్క సిమెంటు ఫ్యాక్టరీ గొట్టం కనవడ్డది. మిర్యాలగూడ మిల్లులనుకున్న. గాడ మలిపిన. ఎంత పోయినా హైదరాబాద్ రాలె, కృష్ణ వచ్చింది. ఇగ భయమై ఎన్కకు మలిపిన. సాఫ్ జాగ కనవడంగనే దించిన."

"మ్యాప్ చూడలేదా? మిర్యాలగూడ నీకు చూపించాను కదా!"

"మిర్యాలగూడ ఎట్లుంటదో నాకు తెల్వది మేడం. మీరు అదిగో అన్నరు. నేను అవ్ అన్న."

ఆ ఒక్క వాక్యం

రిపోర్టు చలపతి గారు అప్పటికే రాసి ఉంచారు. విద్యార్థి నిర్ణయించిన మార్గాన్ని అనుసరించలేదు, అని. అబద్ధం కాదు. నేను కింద సంతకం పెడితే చాలు. నేను ఇంకో వాక్యం చేర్చాను. "విద్యార్థికి మ్యాప్ చదవడం వచ్చో రాదో నేను పరీక్షించలేదు. తోడు వెళ్లినప్పుడు గుర్తులన్నీ నేనే చూపించాను."

"ఎందుకమ్మా నీకీ హరిశ్చంద్ర వేషం?" అన్నాడు చలపతి గారు. "ఇది పైకి వెళ్తే నీ ఫైలు కదలదు. ఆ కుర్రాడిదేముంది, వాళ్ల నాన్న కొట్లో కూర్చుంటాడు."

నేను గొప్ప మనిషినై రాయలేదు. ముత్తమ్మ అన్న ఆ "ఓహో" చెవిలోంచి పోక రాశాను. చలపతి గారు చాలాసేపు పొగ వదిలి, కాగితం లాక్కుని, నా పేరు కింద ఆయన సంతకం కూడా పెట్టాడు. "ఫైలు మూయాలన్న తొందర నాది కూడా" అన్నాడు. ఆ మనిషి మీద నాకున్న ఫిర్యాదులన్నీ ఇప్పటికీ ఉన్నాయి. ఆ సంతకం కూడా ఉంది.

ఆయన అన్నట్టే అయింది. ఆరు నెలలు నన్ను విమానం ఎక్కనివ్వలేదు. ఇంటర్వ్యూకు రానివాళ్లకు రెండో పిలుపు లేదన్నారు. ఆ తర్వాత కంపెనీల్లో కొత్తవాళ్లను తీసుకోవడమే ఆగిపోయింది. కిషోర్ మళ్లీ మ్యాప్ చదవడం నుంచి మొదలుపెట్టి లైసెన్సు తెచ్చుకున్నాడు. అప్పుడే ప్రైవేటు కంపెనీలు వచ్చాయి. వాడికి ఉద్యోగం వచ్చింది. నాకు రాలేదు. నా ఫైలు తెరిచిన ప్రతివాడూ ఆ వాక్యం దగ్గర ఆగేవాడు. సత్తెమ్మ పెద్దమ్మ మా నాన్నను అడిగేది, "నేర్పినామె గీడ, నేర్చుకున్నోడు గాడ. గిట్లెట్లయితది తమ్మీ?"

ఎట్లయితదో నాకూ తెలియదు. ఇంకో ఐదేళ్లు నేర్పుతూనే ఉన్నాను. కానీ ఆ ఐదేళ్లలో మంచి ఇన్‌స్ట్రక్టర్‌ని అయ్యాను. కారణం ఒక్కటే. విమానంలో మాట్లాడడం మానేశాను. స్టూడెంట్ తప్పు చేస్తుంటే నాలుక పళ్ల కింద పెట్టుకుని కూర్చునేదాన్ని. వాడు తనంతట తాను చూస్తాడా లేదా అని లోపల లెక్కపెట్టుకునేదాన్ని. చాలామంది చూసేవాళ్లు. చూడనివాళ్లను పంపేదాన్ని కాదు.

కుడి సీటు

చివరికి నాకూ ఉద్యోగం వచ్చింది, కిషోర్ పనిచేసే కంపెనీలోనే. ఇన్‌స్ట్రక్టర్ నుంచి ఎయిర్‌లైన్‌కి వెళ్లేవాళ్లకు ఎవరూ చెప్పని ఇబ్బంది ఒకటి ఉంది. చిన్న విమానంలో ఇన్‌స్ట్రక్టర్ కూర్చునేది కుడి సీట్లో. పెద్ద విమానంలో కో-పైలట్ కూర్చునేదీ కుడి సీట్లోనే. సీటు అదే, అధికారం తలకిందులు. తొమ్మిదేళ్లు ఆ సీట్లో కూర్చుని ఎడమ వైపు వాడిని నమ్మకుండా బతికినదాన్ని.

మొదటి నెలలో ఒక సీనియర్ కెప్టెన్ విమానం దించుతుంటే నా చేతులు వాటంతట అవే కంట్రోల్స్ పక్కకు వెళ్లి సిద్ధంగా నిలబడ్డాయి. చక్రాలు నేలకు తగలగానే, అలవాటు కొద్దీ, "గుడ్! వెరీ గుడ్!" అన్నాను.

ఆయన ఇంజన్లు ఆపాడు. ఆ తర్వాత టోపీ పెట్టుకుంటూ, "పాసయ్యానా అమ్మా?" అన్నాడు.

నా ట్రైనింగ్ పుస్తకంలో ఎర్ర సిరాతో ఒక్క మాట రాశాడు. నేర్పుతోంది. మళ్లీ ఇలాంటి రిమార్కు పడితే ఇంటికి పంపుతామని ట్రైనింగ్ మేనేజర్ పిలిచి చెప్పాడు. తొమ్మిదేళ్లు ఎదురుచూసిన ఉద్యోగం. చేతులు ఒళ్లో పెట్టుకుని, అడిగితే తప్ప నోరు తెరవడం మానేశాను. అందరూ మెచ్చుకున్నారు. మేడం బాగా మారిందన్నారు.

మినిమమ్

మూడో నెలలో డ్యూటీ కాగితం మీద నా పేరు పైన కెప్టెన్ కిషోర్ అని ఉంది. హైదరాబాద్ నుంచి విశాఖ. వాడు అప్పటికి కెప్టెన్ అయ్యాడు, కొద్దిగా పొట్ట కూడా వచ్చింది. బ్రీఫింగ్ గదిలోకి నేను అడుగుపెట్టగానే లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి కెప్టెన్" అన్నాను.

"మీరు కూసోండి మేడం" అన్నాడు.

ఎయిర్ హోస్టెస్‌లు ఇద్దరూ నవ్వు ఆపుకోలేకపోయారు. చిలుకూరు కథ వాళ్లందరికీ ఎప్పుడో తెలుసు. వాడే చెప్పుకున్నాడట. వాడి కథలో నేను గట్టు మీద నుంచి చెప్పు తీసుకుని వచ్చాను.

విశాఖ దగ్గర వాన. మబ్బులోంచి దిగుతున్నాం. దిగడానికి ఒక హద్దు ఎత్తు ఉంటుంది, మినిమమ్ అంటాం. అక్కడికి వచ్చేసరికి రన్‌వే కనబడాలి. కనబడకపోతే మారుమాట లేకుండా మళ్లీ పైకి లేవాలి. ఆ ఎత్తు రాగానే చెప్పడం కో-పైలట్ పని.

"మినిమమ్" అన్నాను.

కిషోర్ ముందుకు వంగి అద్దంలోంచి చూస్తున్నాడు. విమానం దిగుతూనే ఉంది. బయట తెల్లటి మబ్బు, అద్దం మీద వాన, ఇంకేమీ లేదు. వాడికి కనబడడం లేదని నాకు తెలుసు. చూడగానే తెలిసిపోయింది. మనిషి చూస్తున్నాడా, చూస్తున్నానని అనుకుంటున్నాడా అన్నది కనిపెట్టడం తొమ్మిదేళ్లు నేను చేసిన పనే. అయినా నా చేతులు ఒళ్లోనే ఉన్నాయి. ఎర్ర సిరా గుర్తొచ్చింది. వాడు కెప్టెన్, నేను నేర్పకూడదు అనుకున్నాను. అలవాటు కొద్దీ లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒకటి. రెండు. మూడు.

"కిషోర్, పైకి!" అని అరిచాను. పుస్తకంలో ఉన్న ఇంగ్లీషు మాట కాదు, తెలుగులో.

వాడి చేయి అదే క్షణంలో ఇంజన్ల మీటలను ముందుకు తోసింది. విమానం బరువుగా ఒక్కసారి కుంగి పైకి లేచింది. లేస్తుంటే మబ్బు చిరుగులోంచి ఎడమ పక్కన తడిసిన తాటిచెట్ల తలలు కనబడ్డాయి, కనబడకూడనంత పెద్దగా.

ఇరవై నిమిషాలు పైన తిరిగాక వాన జరిగింది. మామూలుగా దిగాం. ప్రయాణికులంతా వెళ్లిపోయాక కూడా ఇద్దరం సీట్లలోంచి లేవలేదు.

"నాకు రన్‌వే కనవడలే మేడం," అన్నాడు కిషోర్. "కనవడ్డదనుకున్న. కనవడాలని సూస్తున్న, గంతే. తప్పు నాది. రిపోర్టుల గట్లనే రాస్త."

"రాయి."

"గని ఒకటి అడుగుత. మినిమమ్ అన్నంక మీరు ఎందుకు ఆగిండ్రు?"

"నువ్వు కెప్టెన్‌వి గద. నేర్పొద్దన్నరు నన్ను."

వాడు టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. కోపం వచ్చిందని అప్పుడు గమనించాను. నా ఎదుట వాడికి కోపం రావడం అదే మొదలు.

"గప్పుడు నేను సూడాల్సినవన్ని మీరే ముందుగాల చెప్పిండ్రు. ఇయ్యాల మీరు చెప్పాల్సింది ఆగి ఆగి చెప్పిండ్రు. ఎన్కల డెబ్బై మంది ఉన్నరు మేడం. నేను నేర్చుకుంటనా లేదా అని సూసే జాగనా గిది?"

మొదటిసారి నేను, "అవును కెప్టెన్" అన్నాను.

ఇద్దరం వేర్వేరుగా రిపోర్టులు రాశాం. వాడు తన తప్పు రాశాడు, నేను నా మూడు అంకెలు రాశాను. ట్రైనింగ్ మేనేజర్ రెండూ చదివి, తన జీవితంలో ఇంత నిజం ఒకేరోజు చదవలేదని విసుక్కున్నాడు. ఇద్దరినీ సిమ్యులేటర్‌లో, అంటే నేల మీది నకిలీ కాక్‌పిట్‌లో, కూర్చోబెట్టి ఆ వానలోనే రెండు రోజులు తిప్పాడు. ఉద్యోగాలు పోలేదు. నేను కెప్టెన్‌ని అయ్యాక, నా పక్కన కూర్చునే ప్రతి కుర్రాడికీ బయల్దేరేముందు చెప్పేదాన్ని, నాకు కనబడనిది నీకు కనబడితే నన్ను పేరు పెట్టి పిలువు అని. మర్యాద కిందికి దిగాక చూసుకుందాం.

ఝాన్సీ

మొన్న మిర్యాలగూడ నుంచి ఝాన్సీ అనే అమ్మాయి వచ్చింది. వేరే రాష్ట్రంలో ఒక ఫ్లయింగ్ స్కూల్లో మూడేళ్లుగా ఇన్‌స్ట్రక్టర్. ఇప్పుడు కంపెనీలు కొత్త విమానాలు కొంటున్నామని పేపర్లో పెద్ద ఫొటోలు వేయించుకుంటాయి. కొత్త కో-పైలట్లను మాత్రం వచ్చే ఏడు చూద్దామంటాయి. ఆ అమ్మాయి రెండో రకం కాబట్టి భోజనం పెట్టాను.

"ఇంక ఎన్నేండ్లు మేడం?" అంది, చారు పోసుకుంటూ.

"తెల్వదు" అన్నాను. అది ఈ వృత్తిలో నిజమైన జవాబు. ఇంకోటి ఎవరైనా చెబితే నమ్మకండి.

తర్వాత గంటన్నరసేపు నేను ఉపన్యాసం ఇచ్చాను. ఖాళీల కోసం రోజూ వెతకొద్దు, వారానికోసారి చూడు అన్నాను. పెద్ద విమానం పరీక్షలకు సంబంధించిన పుస్తకాలు ఇప్పుడే చదువు, పిలుపు వచ్చాక టైమ్ ఉండదు అన్నాను. ఇంటర్వ్యూ తేదీకీ స్టూడెంట్ సోలోకీ మధ్య కనీసం రెండు రోజులు ఖాళీ ఉంచు అన్నాను. ఆ అమ్మాయి మర్యాదగా తల ఊపింది. మా ఆయన వంటింట్లోంచి రెండుసార్లు దగ్గారు.

సాయంత్రం బస్టాండ్ దాకా వెళ్లాను. మిర్యాలగూడ బస్సు కోసం నిలబడి ఉండగా, సోమవారం డ్యూటీ ఉందా అని అడిగాను.

"ఉంది మేడం. ఒక స్టూడెంట్ ఫస్ట్ సోలో ఉంది."

"పంపిస్తున్నవా?"

"ఇంక అనుకోలె. మా చీఫ్ అయితే పంపియ్యమంటుండు. పొద్దుగాల వాడితోటి మూడు రౌండ్లు కొడత, నేను ఒక్క మాట మాట్లాడ. ఏమన్న తేడా వస్తే మాత్రం లెక్కపెట్టుకుంట కూసోను, కంట్రోల్స్ గుంజుకుంట. గప్పుడు తెలుస్తది పంపాల్నో వద్దో."

నా గంటన్నర ఉపన్యాసంలో ఈ మాట ఎక్కడా లేదు. చిలుకూరు గురించి గానీ, విశాఖ గురించి గానీ నేను ఆ అమ్మాయికి చెప్పనేలేదు. బస్సు వచ్చింది. కిటికీ పక్క సీటు దొరకబుచ్చుకుని ఆ అమ్మాయి చెయ్యి ఊపింది. నేను ఇంకో సలహా ఇద్దామని కిటికీ దగ్గరికి నడిచి, అక్కడి దాకా వెళ్లి, "తిన్నగ పో బిడ్డా" అని మాత్రం అన్నాను.